గుట్ట పేరుల మిగిలింది.. నడిచే తొవ్వన్న మిగలాలె గద!

పంజగుట్టల ఇప్పుడు గుట్ట కనవడదు. మైత్రీవనంల పేరు తప్ప వనం లేదు. కండక్టర్ "సత్యం థియేటర్" అని కేకేస్తె ఇప్పటికీ దిగెటోళ్ళు దిగుతరు గని, పాత సత్యం థియేటర్ ఎప్పుడో నేలమట్టమైంది. ఆ జాగల లేచిన మాల్‌ల 2023 జూన్‌ల కొత్త సినిమా హాళ్ళు తెరిచిండ్రు. అమీర్‌పేట, పంజగుట్ట దిక్కు చానా పేర్లు గిట్లనే ఉంటయి. అసలుది పోతది, పేరు మిగులుతది.

పట్నం అన్నంక మారకుండ ఉండదు. దాన్ని ఆపమని ఎవ్వలం అంటలేం. గని ఆ మార్పు గురించి మనకాడ రెండే రకాల మాటలు నడుస్తున్నయి. "మా కాలంల మస్తుండె, ఇప్పుడంత ఖరాబైంది" అనేది పెద్దల మాట. "హైదరాబాద్ ఎట్ల ఎదిగిందో చూడుండ్రి" అనేది లీడర్ల, బిల్డర్ల మాట. రెండూ సగం మాటలే. మొదటిది బాయికాడ కులం అడిగిన సంగతి మర్శిపోతది. రెండోది రోడ్డు దాటలేక డివైడర్ కాడ నిలవడ్డ ముసలామెను చూడదు.

అందుకే ఈడ ఫ్లైఓవర్లు, అంతస్తులు లెక్కపెట్టం. మనిషి దినాం చేసే పనులు చూద్దాం. నీళ్ళు తెచ్చుకునుడు, వండుకునుడు, కొలువుకు పోవుడు, పైసలిచ్చుడు, ఒకరితోని మాట్లాడుడు, రోడ్డు మీద నడుసుడు. ఇవి ఒక్క బతుకుల ఎట్ల మారినయి, ఎందుకు మారినయి, ఎవలికి కలిసొచ్చింది, ఎవలికి రాలే అని చూస్తె అసలు లెక్క తేలుతది.

ఒక్క బతుకుల ఎన్ని కాలాలు

1950ల పుట్టిన ఒక అవ్వను మనసుల పెట్టుకోండ్రి. ఈమె ఫలానా మనిషని కాదు. బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ, పంజగుట్ట గల్లీలల్ల ముసలోళ్ళైన చానామంది అవ్వల తీరు. ఇయ్యాల ఈమెకు 75 ఏండ్లు దాటినయి.

ఆమె పుట్టిన కాలంల ఈ దేశంల మనిషి సగటు ఆయుష్షు 32 ఏండ్లు. ఇప్పుడు 70. అంటె ఆమె బతికుండుడే ఈ కాలం చేసిన పెద్ద మార్పు. 1951 జనాభా లెక్కల దేశంల ఆడోళ్ళల్ల చదువొచ్చినోళ్ళు నూటికి 9 మంది కూడ లేరు. హైదరాబాద్ పట్నంల అప్పుడు సుమారు 11 లక్షల జనం. 2011 లెక్కలకొచ్చేసరికి జీహెచ్‌ఎంసీ హద్దులల్ల 67 లక్షలు. హద్దులు పెరిగినయి, నిజమే. హద్దులు ఎంత పెరిగినా, అమీర్‌పేట చౌరస్తా మాత్రం అంతే జాగల ఉన్నది. ఆ జాగల నిలవడే మనుషులు పెరిగిండ్రు.

ఆమె పుట్టినప్పుడు ఇది హైదరాబాద్ రాష్ట్రం. ఆరేండ్లకు ఆంధ్రప్రదేశ్ అయింది. 64 ఏండ్లకు తెలంగాణ వచ్చింది. ఇల్లు మారకుండనే మూడు రాష్ట్రాలు చూసింది. గా సంగతి చరిత్ర పుస్తకాలల్ల దొరుకుతది. ఇంట్ల నీళ్ళు ఎట్ల వచ్చినయో మాత్రం ఎవలూ రాయలే. ఆడికెల్లే షురూ చేద్దాం.

నీళ్ళు: బాయి, నల్లా, డబ్బా

బల్కంపేట ఎల్లమ్మ తల్లి బాయిలనే ఉంటది. భూమి మీద కాదు, మెట్లు దిగి కిందికి పొయ్యి చూస్తె అమ్మవారు కనవడతది. ఆ బాయి నీళ్ళే తీర్థం. ఆషాఢంల కళ్యాణానికి లక్షల మంది వస్తరు. దేవుని సంగతి దేవునిదే, గని ఆ గుడి ఇంకో సంగతి కూడ చెప్తది. ఒకప్పుడు ఈ దిక్కు నీళ్ళు జర్రంత లోతులనే ఉండె, బాయే బతుకుండె. ఇయ్యాల అమీర్‌పేటల బాయి నీళ్ళు కండ్ల చూడాలంటె గుడికే పోవాలె.

పట్నానికి నల్లా నీళ్ళు మొదలు గండిపేట కెల్లి వచ్చినయి. 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920ల పూర్తి చేసిన చెరువది. మన అవ్వకు 15 ఏండ్లున్నప్పుడు, 1965ల మంజీర నీళ్ళు వచ్చినయి. గని పట్నానికి నీళ్ళొచ్చుడు వేరు, ఇంటికి నీళ్ళొచ్చుడు వేరు. గల్లీకొక్క నల్లా. పొద్దుగాల నాలుగ్గొట్టంగ బిందెల వరుస. నిద్ర, కొట్లాట, ముచ్చట, పెండ్లి సంబంధం అన్నీ ఆ వరుసలనే నడిచినయి. ఆ వరుసల నిలవడ్డది ఎవలు? ఆడోళ్ళు, ఆడివిల్లలు. బడి పోతె పోనీ గని బిందె ఆగొద్దు అన్న ఇండ్లు ఎన్నో. ఇగ బాయికాడనైతె ఎవలు చేదాలె, ఎవలు దూరం నిలవడాలె అన్నది కులం చెప్పేది. "పాత రోజులు మంచియి" అనెటోళ్ళు ఈ ముచ్చట కాడ జర ఆగి ఆలోచించాలె.

1989ల వాటర్ బోర్డు వచ్చింది. 2004ల కృష్ణా నీళ్ళు, 2015ల గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లు దాటి పట్నానికి చేరినయి. 2021 జనవరి కెల్లి నెలకు 20 వేల లీటర్ల దాంక బిల్లు లేదని సర్కారు చెప్పింది. ఇది చిన్న ముచ్చట కాదు. అవ్వ నెత్తి మీది బిందె దిగింది. ఆమె మనవరాలికి బిందెల వరుస అంటె ఏందో తెల్వదు. మంచిదే.

మరి పోయిందేంది? ఒకప్పుడు నీళ్ళు కష్టం, గని తాగే నీళ్ళకు పైసలు లేవు. ఇప్పుడు నల్లా నీళ్ళు వాడకానికి, తాగనీకి 20 లీటర్ల డబ్బా. మూడో అంతస్తుకు ఆ డబ్బా ఎవలు ఎక్కించాలె? డబ్బా ఏసే పోరడు రాకుంటె ముసలోళ్ళు ఆ దినం ఏం తాగాలె? ఎండకాలం వస్తె బోర్లు ఎండుతయి, ట్యాంకర్లు తిరుగుతయి. ఇంకో దిక్కు, గట్టి వాన కొడితె మైత్రీవనం ముంగట రోడ్డు వాగైతది. 2000 ఆగస్టు 24న బేగంపేట కాడ ఒక్క దినంల 24 సెంటీమీటర్ల వాన వడ్డది, ఈ దిక్కు నాలాలు ఇండ్లల్లకు వచ్చినయి. వాన ఎప్పుడూ పడ్డదే. అప్పుడు నేల తాగేది, కుంటలు తాగేటియి. ఇప్పుడు నేలంత సిమెంటైంది, నీళ్ళకు పొయ్యే తొవ్వ లేదు. కింద నీళ్ళు ఎండుడు, పైన నీళ్ళు ముంచుడు, రెండింటికీ కారణం ఒక్కటే.

పొయ్యి: కట్టెల కెల్లి కర్రీ పాయింట్ దాంక

అవ్వ చిన్నప్పుడు కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి. తర్వాత గ్యాసునూనె స్టవ్, దానికి రేషన్ దుకాణం కాడ డబ్బా పట్టుకొని వరుస. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు ఆమెకు 33 ఏండ్లు. జొన్నరొట్టె, గట్క తిన్న ఇండ్లల్ల దినాం బువ్వ వండుడు గప్పుడే అలవాటైంది. 1999ల దీపం పథకం కింద గరీబు ఇండ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇయ్యవట్టిండ్రు. ఊదుగొట్టం, పొగ, కండ్ల మంట పోయినయి. ఇది ఆడోళ్ళ ఊపిరితిత్తులకు దక్కిన స్వాతంత్ర్యం. దాన్ని తక్కువ చెయ్యొద్దు.

గని అమీర్‌పేట ఇంకో అడుగు ముంగటికి పోయింది. ఈడ బువ్వ ఇంట్ల, కూర దుకాణంల. కర్రీ పాయింట్ అన్నది హాస్టల్ పోరగాండ్లతోని పెరిగిన యాపారం. రైస్ కుక్కర్ల బియ్యం పెడితె అయిపాయె, పప్పు, సాంబారు, వేపుడు కవర్లల్ల కట్టిస్తరు. ఇప్పుడు పోరగాండ్లే కాదు, మొగడు పెండ్లాం ఇద్దరూ కొలువు చేసే ఇండ్లు, పిల్లలు అమెరికాల ఉండి ఒంటిగ మిగిలిన పెద్దోళ్ళు కూడ అదే కూర కొంటున్నరు. చేతులు నొస్తున్న అవ్వకు అది సౌలతే. గని ఆ దుకాణం ఎనక పొయ్యికాడ నిలవడ్డది ఎవలు? ఇంకో ఇంటి ఆడామెనే. ఊరికెల్లి వచ్చి, తెల్లారక ముందే ఉల్లిగడ్డలు కోసి, రాత్రి దాంక నిలవడి వండే ఆమె. పొయ్యి కాడి పని మాయమైపోలే, ఒక ఇంటికెల్లి ఇంకో ఆడామె నెత్తి మీదికి మారింది. ఆమెకు కూలి వస్తున్నది, అది కొత్త. సెలవు, పింఛను, ఈఎస్‌ఐ వస్తున్నయా అన్నది అడగాల్సిన మాట.

కొలువులు: సైరన్ కెల్లి డెమో క్లాసు దాంక

అమీర్‌పేట అంటె ఇయ్యాల దేశమంతటికి కోచింగే గుర్తుకొస్తది. గని అంతకుముందు ఇది కారఖానా కార్మికుల తొవ్వ. సనత్‌నగర్, బాలానగర్, మూసాపేట దిక్కు పెద్ద పెద్ద కారఖానాలు. 1942ల పుట్టిన ఆల్విన్ ఫ్రిజ్‌లు చేసేది, బస్సులకు బాడీలు కట్టేది, చేతి గడియారాలు చేసేది. బాలానగర్ల ఐడీపీఎల్ మందులు, హెచ్ఏఎల్ విమానాల సామాను. పొద్దుగాల సైరన్ మోగితె సైకిళ్ళ మీద టిఫిన్ డబ్బలతోని కార్మికులు వరుసగ పొయ్యేది. ఎస్సార్ నగర్, సనత్‌నగర్ క్వార్టర్లు, హౌసింగ్ బోర్డు ఇండ్లు ఆ జీతాల మీదనే నిలవడ్డయి. పదో తరగతి, ఐటీఐ చదివినోనికి యూనియన్ ఉన్న నౌకరి, రిటైరైతె పీఎఫ్. అవ్వ పెనిమిటి ఆ కాలం మనిషి.

1990లల్ల కథ మారింది. ఆల్విన్ ముక్కలైంది, ఫ్రిజ్‌ల కారఖానా ప్రైవేటు చేతికి పోయింది. ఐడీపీఎల్ పడావు పడ్డది. సరళీకరణ అని పుస్తకాలల్ల రాసింది ఈ దిక్కు గల్లీలల్ల "వీఆర్‌ఎస్" అన్న మూడక్షరాలుగ వచ్చింది. చేతిల ఇన్ని పైసలు పెట్టి ఇంటికి పంపిండ్రు. ఆ పైసలతోని కొందరు ఇంటి మీద ఇంకో అంతస్తు ఏసిండ్రు. ఆ అంతస్తే తర్వాత హాస్టలైంది. ఈ ముచ్చట చానామందికి తెల్వదు: కోచింగ్ అమీర్‌పేట ఒట్టిగ మొలవలే, కారఖానా అమీర్‌పేట కూలిన జాగల మొలిచింది.

ఎందుకు ఈడనే? ఒకటి, తొవ్వ. సికింద్రాబాద్, కూకట్‌పల్లి, పంజగుట్ట, సనత్‌నగర్ దిక్కుల బస్సులు ఈడ కలుస్తయి. పటాన్‌చెరు కెల్లి కోఠి పొయ్యే 218 బస్సు ఎక్కినోళ్ళందరు అమీర్‌పేట చూసినోళ్ళే. రెండు, కిరాయికి దొరికే ఇండ్లు. మూడు, కాలం. 2000 సంవత్సరం దగ్గరవడ్డకొద్ది పాత కంప్యూటర్లకు బుగులు పట్టుకున్నది. అవి సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్నయి, 99 తర్వాత 00 వస్తె 1900 అనుకుంటయేమోనని ప్రపంచమంత భయపడ్డది. వాటిని సరిజేసెటందుకు కోబాల్ తెలిసిన చేతులు వేల మంది కావాలె. కాలేజీల నాలుగేండ్లల్ల చెప్పంది అమీర్‌పేటల కొన్ని నెలలల్ల చెప్పిండ్రు. 1998 నవంబర్‌ల సైబర్ టవర్స్ తెరిచిండ్రు. ఇగ ఆగలే. జావా, డాట్ నెట్, టెస్టింగ్, శాప్.. లోకంల ఏ పేరు వినవడితె అది తెల్లారి మైత్రీవనం గోడ మీద పోస్టరైంది.

నల్లగొండ, కరీంనగర్, శ్రీకాకుళం, అనంతపురం పల్లెల పోరగాండ్లకు ఇది గొప్ప తొవ్వ. పెద్ద కాలేజీ సీటు లేనోనికి, ఇంగ్లీషు రానోనికి, జిరాక్స్ కాయితాలతోని అమెరికా దాంక మెట్లు దొరికినయి. మాదిగ వాడ కెల్లి, తండా కెల్లి వచ్చిన పిల్లలు కూడ ఆ మెట్లు ఎక్కిండ్రు. ఇది కాదనలేని నిజం. దొంగ ఎక్స్‌పీరియెన్స్ కాయితాల దందా, కొలువు పెట్టిస్తమని పైసలు గుంజుడు, నాలుగు మంచాల రూముల మూడేండ్ల యవ్వనం అరిగిపోవుడు, ఇవి కూడ నిజమే. ఆల్విన్ కార్మికునికి యూనియన్ ఉండె. కొలువు కోసం ఎదురుచూసే ఈ పోరనికి ఏమున్నది?

2020 మార్చి 25 గుర్తుందా? లాక్‌డౌన్ పడంగనే హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నరు. ఎస్సార్ నగర్, పంజగుట్ట పోలీస్ స్టేషన్ల ముంగట పాసుల కోసం వందల మంది వరుస కట్టిండ్రు. కాయితం పట్టుకొని పోయినోళ్ళను ఆంధ్ర సరిహద్దు కాడ ఆపిండ్రు. 25 ఏండ్లు ఈ ఏరియాకు కిరాయిలు, మెస్సు బిల్లులు, బస్సు టికెట్లు కట్టిన పిల్లలకు ఒక్క రాత్రికి ఈడ ఇల్లు లేకుండపోయింది. ఆ దినం తేలింది, కిరాయి తీసుకునుడు వేరు, మన మనిషి అనుకునుడు వేరు అని.

ఆడివిల్ల ఒంటిగ ఉండుడు

మన అవ్వకు పెండ్లి వయసొచ్చిన 1960లల్ల ఆడివిల్లకు చట్టం పెట్టిన వయసు 15. అది కూడ పట్టించుకున్నోళ్ళు తక్కువ. 1978ల దాన్ని 18 చేసిండ్రు. ఆమె మనవరాలి వయసు పిల్లలు ఇయ్యాల విమెన్స్ హాస్టల్‌ల ఒంటిగ ఉంటున్నరు, రాత్రి షిఫ్టుకు పోతున్నరు, సొంత పైసలు సంపాదిస్తున్నరు, అమ్మకు ఊరికి పంపుతున్నరు. ఒక్క బతుకు దూరంల ఇంత పెద్ద అడుగు ఇంకోటి పడలే.

అవ్వలే ఈ మాట గట్టిగ చెప్తరు. మొగోళ్ళు "పాత రోజులు" అని ఊపిరిడుస్తరు గని, పాత రోజులు మళ్ళ కావాల్నా అని ఆడోళ్ళను అడిగి చూడుండ్రి. తొంబై మంది తల అడ్డంగ ఊపుతరు.

గని కులం పోయిందా అంటె పోలే, బట్టలు మార్చింది. బాయి కాడ దూరం నిలవడమన్న నోరే ఇయ్యాల టు-లెట్ బోర్డు కాడ "మీరేమిట్లు?" అని అడుగుతది. "ఓన్లీ వెజ్" అని రాస్తది. పేరు చెప్పంగనే "ఇల్లు అయిపోయింది" అంటది. ముస్లిం పోరనికి, దళిత కుటుంబానికి, ఒంటరి ఆడామెకు ఈ పట్నంల ఇల్లు కిరాయికి దొరుకుడు ఎంత కష్టమో వెతికినోళ్ళకే ఎరుక. నీళ్ళు పైపుల వస్తే కులం కరగదు.

పైస, మాట

అవ్వ మొదలు పట్టుకున్న పైస నిజాం కాలం హాలి సిక్క. 1957ల నయా పైసలు వచ్చినయి, 1959ల హాలి సిక్క పూర్తిగ బందైంది. సేరు, మానెడు, సోలెడు పోయి కిలో, లీటరు వచ్చినయి. లెక్క నేర్చుకున్నది. 66 ఏండ్లకు, 2016 నవంబర్ 8 రాత్రి, పోపు డబ్బల దాచుకున్న నోట్లు చెల్లవన్నరు. అది కూడ తట్టుకున్నది. ఇప్పుడు కొత్తిమీర అమ్మే బండికి కూడ స్కానర్. "ఇరవై రూపాయలు వచ్చినయి" అని డబ్బా అరుస్తది. అమ్మే అవ్వకు పైసలొచ్చినయని వినవడతది గని, అవి కొడుకు ఖాతాలకు పోతున్నయా, తన ఖాతాలకు పోతున్నయా అన్నది ఆమెకు తెల్వదు. చేతిల పైస ఉన్నప్పుడు చేతిల జోరు ఉండె. పైస ఫోన్లకు పోయినంక, ఫోన్ ఎవల చేతిల ఉంటె జోరు ఆళ్ళదైంది. ఈ ముచ్చట బ్యాంకులోళ్ళు ఆలోచిస్తలేరు.

మాట సంగతి కూడ గంతే. మొదలు రేడియో, 1977ల హైదరాబాద్ దూరదర్శన్. గల్లీకొక్క టీవీ, ఇంటి నిండ జనం. తర్వాత ఎస్టీడీ బూతు, దుబాయ్‌ల ఉన్న కొడుకుతోని మీటరు చూసుకుంట మాట్లాడుడు. ఇప్పుడు వీడియో కాల్‌ల అమెరికా మనవని మొకం దినాం కనవడతది. ఏడు సముద్రాల అవుతలోడు దగ్గరైండు, ఎదురు తలుపోడు ఎవలో తెల్వదు. ఎండకాలం రాత్రి ఇంటి ముంగట మంచాలేసుకొని పండుకున్న కాలంల బేగంపేటల దిగే విమానం చప్పుడుకు పిల్లలు లేచేది. 2008 మార్చ్‌ల విమానాలు శంషాబాద్ పోయినయి. మంచాలు అంతకంటె ముందే లోపటికి పోయినయి. ఇంటి ముంగట జాగ పార్కింగైంది.

తొవ్వ: అసలు నష్టం ఈడనే

ఇంత దాంక చూస్తె లాభాలే ఎక్కువ తేలినయి. నీళ్ళు, గ్యాస్, చదువు, దవాఖాన. పంజగుట్టల 1960లల్ల ఎముకల దవాఖానగ మొదలైన నిమ్స్ ఇయ్యాల రెండు రాష్ట్రాలకు పెద్ద దిక్కు. మరి ముసలోళ్ళు ఇంట్ల కెల్లి ఎందుకు బయటికొస్తలేరు? జవాబు ఒక్కటే. తొవ్వ లేదు.

పంజగుట్ట కెల్లి అమీర్‌పేటకు మెట్రోల ఒక్క స్టేషన్ దూరం. అవ్వ వయసుల ఉన్నప్పుడు కూరగాయల సంచి పట్టుకొని నడిచిన దూరమే. ఇయ్యాల ఆ తొవ్వల నడుసుడు ఎట్లుంటదో చూడుండ్రి. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారి ఫుట్‌పాత్ సన్నగైంది. మిగిలిన దాని మీద మెట్రో మెట్లు దిగినయి, కరెంటు డబ్బాలు కూసున్నయి, దుకాణాల ముంగటి బండ్లు ఎక్కినయి. ఉన్న కాడ కూడ అడుగు ఎత్తున గట్టు, పది అడుగులకోసారి ఎక్కాలె, దిగాలె. మోకాళ్ళ నొప్పులోళ్ళు రోడ్డు మీదనే నడుస్తరు. ఎనక కెల్లి హారన్.

ఇగ దాటుడు. బండ్లు ఆగకుండ పోవాలని చౌరస్తాలు మూసి యూ-టర్నులు పెట్టిండ్రు. బండోనికి యూ-టర్న్ ఉన్నది, నడిచెటోనికి ఏది? సిగ్నల్ ఉన్నప్పుడు ఎర్ర లైటు పడితె అర నిమిషమన్న బండ్లు ఆగేటియి, ఆ సందుల ముసలోళ్ళు దాటేది. సిగ్నల్ తీసేస్తె బండ్లు ఎప్పుడూ ఆగవు. అంటె బండోని సమయం మిగిల్చెటందుకు నడిచెటోని పాణం పణంగ పెట్టిండ్రు. ఇది ఎవలో ఒక ఆఫీసర్ చెడ్డోడై చేసింది కాదు. రోడ్డు అంటె బండ్లు పొయ్యేది అన్న ఒక్క ఆలోచన మీద అన్నీ కట్టుకుంట పోతె గిట్లనే తేలుతది.

కట్టుడు కూడ ఎవలి మీద పడ్డదో గుర్తు చేసుకోవాలె. 2007 సెప్టెంబర్ 9న పంజగుట్టల కడుతున్న ఫ్లైఓవర్ కూలి కింద పొయ్యెటోళ్ళ ప్రాణాలు పోయినయి. 2019 సెప్టెంబర్‌ల వానకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద నిలవడ్డ ఒక యువతి మీద పెచ్చు ఊడిపడి ఆమె చనిపోయింది. రెండుసార్లూ పైన ఉన్నోళ్ళకు కాలే, కింద ఉన్నోళ్ళకే అయింది.

మెట్రో 2017 నవంబర్‌ల వచ్చింది. లిఫ్టులున్నయి, ఏసీ ఉన్నది, ముసలోళ్ళకు సీట్లున్నయి. మంచి బండే. గని 2025 మే నెలల కిరాయి పెంచిండ్రు. నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను మీద బతికే మనిషి మెట్రో దిక్కు చూడగలదా? 2023 డిసెంబర్ 9 కెల్లి ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. చానామంది అవ్వలు ఏండ్ల తర్వాత బిడ్డ ఇంటికి, దవాఖానకు సొంతంగ పోతున్నరు. దాన్ని ఎగతాళి చేసెటోళ్ళు ఒక్కసారి అవ్వలతోని మాట్లాడాలె. ముసలి తాతకు మాత్రం టికెట్టు తప్పదు. రైల్వేలైతె 2020 మార్చిల కరోనా పేరు చెప్పి పెద్దోళ్ళ రాయితీ బంద్ పెట్టి, కరోనా పోయినంక కూడ ఇయ్యలే. ఉచిత బస్సు ఎక్కాలన్నా మొదలు రోడ్డు దాటాలె గద. ఆ బస్టాపుల నీడ, కూసునే జాగ ఉండాలె గద. అంత ఎత్తు మెట్టు ఎక్కగలగాలె గద.

ఈడ ఒక మాట సాఫ్‌గ చెప్పాలె. ఫుట్‌పాత్ పోయిందంటె అందరి ఏలు బండి పెట్టుకున్న గరీబోళ్ళ దిక్కే పోతది. ఇది తప్పు. ఆళ్ళకు 2014 వీధి వ్యాపారుల చట్టం హక్కు ఇచ్చింది, జాగలు చూపించాల్సింది మున్సిపాలిటోళ్ళు. అవ్వకు బండి మీది జామకాయ, చాయ, ఒక పలకరింపు కావాలె. రాత్రి ఆ బండ్ల లైట్లతోనే తొవ్వ భద్రంగ ఉంటది. ఫుట్‌పాత్‌ను మింగింది ఎక్కువ కార్లు, షోరూం మెట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఆడ మాత్రం బుల్డోజర్ రాదు.

ఏం అడగాలె

2025 మే నెలల సుప్రీంకోర్టు తేటతెల్లంగ చెప్పింది: ఫుట్‌పాత్ మీద నడుసుడు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుల భాగం. అంటె ఇది దయ కాదు, దానం కాదు, మనకు రావాల్సింది. 2007ల తల్లిదండ్రుల, పెద్దోళ్ళ సంక్షేమ చట్టం వచ్చింది. కొడుకు బువ్వ పెట్టకుంటె ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మరి సర్కారు తొవ్వ చూపకుంటె ఎవలి దగ్గరికి పోవాలె? గా ప్రశ్న మనం అడగాలె.

అడిగేది కోట్ల పని కాదు. అమీర్‌పేట, పంజగుట్ట చౌరస్తాలల్ల నడిచెటోళ్ళ కోసం సిగ్నల్ పెట్టాలె, ముసలి కాళ్ళు దాటేంత సేపు బండ్లు ఆగాలె. రెండు చౌరస్తాల నడుమ ఫుట్‌పాత్ ఎక్కుడు దిగుడు లేకుండ ఒక్క తీరుగ ఉండాలె. ప్రతి బస్టాపుల నీడ, బల్ల ఉండాలె. ఆడోళ్ళకు శుభ్రంగ ఉండే మూత్రశాలలు ఉండాలె, అవి లేకనే చానామంది అవ్వలు బయటికి పొయ్యే దినం నీళ్ళు తాగకుండ ఉంటున్నరు. మెట్రో టికెట్టుల, రైలు టికెట్టుల పెద్దోళ్ళకు రాయితీ ఉండాలె. వార్డు మీటింగుల ప్లాను పెట్టినప్పుడు కాంట్రాక్టర్‌ను, ఇంజనీర్‌ను పిలిచినట్టే ఆ గల్లీ అవ్వలను పిలవాలె. ఏ మూల నీళ్ళు నిలుస్తయో, ఒకప్పుడు నాలా ఎటు పొయ్యేదో, కుంట ఏడ ఉండెనో మ్యాపు కంటె ఎక్కువ ఆళ్ళకే ఎరుక.

చదివే మీరు కూడ ఒక పని చెయ్యాలె. ఈ ఆదివారం మీ ఇంట్ల పెద్దమనిషి చెయ్యి పట్టుకొని ఆ ఒక్క స్టేషన్ దూరం నడవండ్రి. ఎన్నిసార్లు రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో, ఏడేడ కూసోవాలనిపిస్తె కూసునే జాగ లేదో ఒక కాయితం మీద రాయండ్రి. ఫోటోలు తియ్యండ్రి. కార్పొరేటర్ ఆఫీసుల, జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసుల ఇచ్చి రసీదు తీసుకోండ్రి. ఒక్కరిస్తె చెత్తబుట్టకు పోతది. గల్లీకి పదిమందిస్తె ఫైలైతది.

హాలి సిక్క కెల్లి స్కానర్ దాంక, బాయి కెల్లి గోదావరి నీళ్ళ దాంక ఈ పట్నం ఏది తెచ్చినా ఆ అవ్వలు నేర్చుకున్నరు, అలవాటు చేసుకున్నరు, నోరు మెదపకుండ జాగ ఇచ్చిండ్రు. ఇప్పుడు పట్నమే జర జరిగి ఆళ్ళకు రెండు గజాల తొవ్వ ఇయ్యాలె.